అసలు దరఖాస్తు పదో తరగతిలోనే

ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో విజయవాడ పటమటలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పదో తరగతి పిల్లలున్న ఇళ్ల తలుపు తట్టే మనిషి ఒకరుంటారు. చేతిలో రంగు కరపత్రాలు, ఫోనులో పిల్లల పేర్ల జాబితా. జూనియర్ కాలేజీ పీఆర్వో ఆయన. పబ్లిక్ పరీక్షలకు ఇంకా మూడు, నాలుగు నెలలు ఉండగానే "ఇప్పుడు సీటు ఖాయం చేసుకుంటే ఫీజులో రాయితీ ఇప్పిస్తాం, సంక్రాంతి దాటితే మా చేతుల్లో ఉండదు" అంటారు. తల్లిదండ్రులు అడిగేవి దాదాపు అన్ని ఇళ్లలోనూ అవే ప్రశ్నలు: ఫీజు ఎంత, హాస్టల్ ఎక్కడ, నిరుడు ఎన్ని ర్యాంకులు వచ్చాయి. పిల్లల వంతుకు మిగిలేది ఒక్కటే, ఎంపీసీయా, బైపీసీయా అని. కాఫీ చల్లారేలోపు అడ్వాన్సు రసీదు చేతికి వస్తుంది. పెళ్లి చీర కోసం బీసెంట్ రోడ్డులో పది దుకాణాలు ఎక్కి దిగే కుటుంబం ఈ పనిని ఒక్క సాయంత్రంలో తేల్చేస్తుంది.

కాలేజీ దరఖాస్తు అనగానే గుర్తొచ్చేవి జేఈఈ ఫారం, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు. అవి నింపే వేళకే చాలా దారులు మూసుకుపోయి ఉంటాయి. ఏ డిగ్రీకి అర్హత ఉంటుంది, ఏ ప్రవేశ పరీక్ష రాయవచ్చు, రోజులో పాఠాలు కాక ఇంకేదైనా చేయడానికి ఒక గంట మిగులుతుందా లేదా అన్నవన్నీ ఆ రసీదుతోనే తేలిపోతాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల తల్లిదండ్రులకు ముందుచూపు లేదని ఎవరూ అనలేరు. ఆరు, ఏడు తరగతుల నుంచే పిల్లలను ఫౌండేషన్‌లో, అంటే జేఈఈ, నీట్ వంటి పరీక్షలకు బడిలోనే ఇచ్చే ముందస్తు శిక్షణలో, చేర్పిస్తున్నవాళ్లు ఎందరో. ఆ ముందుచూపంతా సిలబస్ మీదే ఖర్చయిపోతోంది, అదీ చిక్కు. పాఠాలు మూడేళ్లు ముందుగా మొదలవుతున్నాయి, ఏం చదవాలన్న ఆలోచన మాత్రం పీఆర్వో వచ్చిన సాయంత్రానికి మిగిలిపోతోంది.

ఫౌండేషన్ ఇచ్చేది, తీసుకునేది

ఈ ప్రాంతానికి చదువుల పేరు కార్పొరేట్ కాలేజీలతో వచ్చింది కాదు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నాటిది. గుంటూరు వైద్య కళాశాల 1946లో, విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల 1950లలో వచ్చాయి. 1972లో తాడికొండలో మొదలైన ప్రభుత్వ గురుకుల పాఠశాల పల్లెటూరి పిల్లలను పరీక్ష పెట్టి ఎంపిక చేసి, అక్కడే ఉంచి చదివించే పద్ధతి ఎంత ఫలితమిస్తుందో చూపించింది. 1980ల నుంచి విజయవాడ ప్రైవేటు జూనియర్ కాలేజీలు ఆ నమూనాను తమ పద్ధతిలో వ్యాపారంగా మలచుకున్నాయి. హాస్టల్, తెల్లవారుజామున స్టడీ అవర్, వారాంతపు పరీక్ష, గోడ మీద ర్యాంకు షీటు, ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. ఎంసెట్ అనే ఒకే పరీక్ష, ఇంజినీరింగ్, వైద్యం అనే రెండే గమ్యాలు ఉన్న రోజుల్లో ఆ ఏర్పాటు బాగానే పని చేసింది. తర్వాత వైద్యం నీట్ కిందికి వెళ్లిపోయింది, 2021లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది, చదువుల రకాలు ఎన్నో రెట్లు పెరిగాయి. ఏర్పాటు మాత్రం మారలేదు సరికదా, ఇంటర్ నుంచి కిందికి దిగి హైస్కూలును కూడా ఆక్రమించింది.

ఫౌండేషన్ అంతా దండగ అనడం న్యాయం కాదు. లెక్కల మీద నిజమైన మోజున్న ఎనిమిదో తరగతి పిల్లకు పాఠ్యపుస్తకం దాటిన సమస్యలు కావాలి. మంచి ఉపాధ్యాయుడు దొరికితే ఆ పిల్ల వికసిస్తుంది కూడా. చాలా చోట్ల జరుగుతున్నది వేరు. తొమ్మిదో తరగతి సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకముందే ఇంటర్ సూత్రాన్ని బట్టీ పట్టిస్తారు, ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది పసిగట్టే చిట్కాలు నేర్పుతారు. ఒలింపియాడ్ అన్న మాటకు పట్టిన గతి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ఈ రెండు నగరాల్లో ఏ రోడ్డున వెళ్లినా బడుల బోర్డుల మీద ఆ మాట కనిపిస్తుంది. నిజమైన గణిత ఒలింపియాడ్‌కు మన దేశంలో తొలి మెట్టు ఐఓక్యూఎం. ఎనిమిదో తరగతి నుంచే రాయవచ్చు. అందులో నెగ్గి పై మెట్లకు వెళితే జవాబు గుర్తిస్తే చాలదు, రుజువులు పూర్తిగా రాయాలి. బోర్డు మీద ఒలింపియాడ్ అని రాసుకున్న బడిని నిరుడు ఐఓక్యూఎంకు ఎంతమందిని పంపారని ఒక్క మాట అడిగితే సంగతి తేలిపోతుంది. పదో తరగతి పిల్లల జాతీయ ప్రతిభ పరీక్ష ఎన్‌టీఎస్‌ఈ 2021 నుంచి ఆగిపోయింది, సైన్స్ చదివేవాళ్లకు ఉపకార వేతనమిచ్చే కేవీపీవై 2022లో అలాంటిదే అయిన ఇన్‌స్పైర్ పథకంలో కలిసిపోయింది. ఈ రెండింటికీ శిక్షణ ఇస్తామని ఇంకా కరపత్రంలో అచ్చు వేస్తున్న సంస్థ మిగతా సమాచారం ఎంత తాజాగా ఉంచుకుంటుందో ఊహించుకోవచ్చు.

ఫౌండేషన్ కోసం టైంటేబుల్‌లో ముందుగా కోత పడేవి డ్రాయింగ్, ఆటలు, గ్రంథాలయం. ఆ తర్వాత తెలుగు. ఈ కోత ఖరీదు ఏమిటో విజయవాడ నడిబొడ్డునే కనిపిస్తుంది. కేంద్ర విద్యాసంస్థ అయిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చదువుతున్నారు. ఆ సంస్థలో బీఆర్క్ చేరాలంటే జేఈఈ మెయిన్ రెండో పేపరు రాయాలి, అందులో బొమ్మ గీసే భాగం ఉంటుంది. పక్క వీధిలో ఎంపీసీ చదివే పిల్లవాడికి ఆ సంస్థ పేరు తెలియకపోవచ్చు. తెలిసినా పెన్సిలు పట్టి ఎన్నాళ్లయిందో వాడికి గుర్తుండదు.

ఒక్క అక్షరం తేడా

గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలుంటే ఎంపీసీ, గణితం బదులు జీవశాస్త్రం ఉంటే బైపీసీ. గణితం, ఆర్థికశాస్త్రం, కామర్స్ అయితే ఎంఈసీ, గణితం బదులు సివిక్స్ అయితే సీఈసీ, చరిత్ర అయితే హెచ్ఈసీ. ఈ గ్రూపుల్లో ఏది గొప్పదన్న వాదనకు అంతు లేదు, దానితో పని కూడా లేదు. ఏ గ్రూపు ఏ తలుపు మూస్తుందో చూసుకోవడమే పని. ఎక్కువ తలుపులకు తాళం చెవి గణితం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే పన్నెండో తరగతి స్థాయిలో గణితం ఉండాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్‌కూ అంతే. పైన చెప్పిన విజయవాడ సంస్థలో బీప్లానింగ్‌కూ అంతే. సీఏ లక్ష్యంగా పెట్టుకున్న ఇంట్లో పిల్లను సీఈసీలో చేరుస్తారు. సీఏకు సీఈసీ అడ్డం కాదు. అయితే రెండో ఏడు మధ్యలో ఆ పిల్లకు ఆర్థికశాస్త్రం మీదికి మనసు మళ్లితే, పైన చెప్పిన చోట్లలో ఒక్కటీ దక్కదు. ఎంఈసీ తీసుకుని ఉంటే సీఏ దారి సీఏ దారిగానే ఉండేది, ఇవీ తెరిచే ఉండేవి. రెండు గ్రూపుల పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం గురించి ఇంట్లో జరిగే చర్చ "లెక్కలంటే దానికి భయం" అన్న దగ్గర ఆగిపోతుంది. భయం ఎందుకు వచ్చిందో కనుక్కోవడానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో తీరిక ఉండేది.

బైపీసీ కథ ఇంకో రకం. నీట్ 720 మార్కుల పరీక్ష, ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సీట్లు పరిమితం. విజయవాడ, గుంటూరు రెండింటికీ దగ్గరలో 2018 నుంచి మంగళగిరి ఎయిమ్స్ ఉంది, ఆశ పెట్టుకోవడం సహజమే. సీటు రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో సిద్ధంగా ఉన్న సమాధానం లాంగ్ టర్మ్. అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ ఏడాది పాటు అదే నీట్ కోసం చదవడం, అవసరమైతే ఇంకో ఏడాది. కొందరికి అది ఫలిస్తుంది. కానీ మొదటిసారే చేతిలో ఉండవలసిన దరఖాస్తుల సంగతి ఎవరూ చెప్పరు. గుంటూరు పక్కనే లాంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ వ్యవసాయానికి ఈఏపీసెట్ బైపీసీ పేపరు రాయాలి. కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో పరిశోధన వైపు వెళ్లే ఐదేళ్ల బీఎస్ ఎంఎస్ కోర్సుకు ఐసర్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంది. జీవశాస్త్రం, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాల నుంచి 15 చొప్పున 60 ప్రశ్నలు. ఈ పరీక్ష బైపీసీ పిల్లలూ రాయవచ్చు. గణితం ప్రశ్నల దగ్గర వెనకబడినా మిగతా 45 ప్రశ్నలు వాళ్లకు తెలిసిన విషయాలవే. జంతుశాస్త్రం మీద నిజమైన ఇష్టం ఉండి, డాక్టర్ కావాలన్న కోరిక మాత్రం ఇంట్లోవాళ్లదే అయిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు కావలసింది ఈ కబురు.

పదో తరగతి తర్వాత ఇంటర్ ఒక్కటే దారి అనుకోవడం కూడా పట్టణాల అలవాటే. నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల సమీకృత కోర్సుకు ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీదే జరుగుతాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. మధ్యతరగతి ఇళ్లలో పాలిటెక్నిక్ పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. యంత్రాల మీద స్వయంగా చేతులతో పనిచేయడం ఇష్టమైన పిల్లవాడికి అది మంచి దారి.

ఇంటర్ పరీక్షలకు ముందే

పబ్లిక్ పరీక్షలు అయిపోయాక ఆలోచిద్దాం అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఈఏపీసెట్‌కు ఆ మాట చెల్లుతుంది. మిగతావాటిలో చాలా వాటికి చెల్లదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు జరిగే క్లాట్ ఇటీవలి సంవత్సరాల్లో డిసెంబరులో జరుగుతోంది, దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయానికీ అదే పరీక్ష. జాతీయ డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ ప్రాథమిక పరీక్ష డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటోంది. ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ తొలి రోజుల్లో తాత్కాలికంగా నడిచింది గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలోనే. జేఈఈ మెయిన్ తొలి విడత జనవరిలో. అమెరికా విశ్వవిద్యాలయాల సాధారణ గడువు ఎక్కువగా జనవరి మొదటి వారం. అంటే సంక్రాంతికి ఊరెళ్లే సమయానికి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు, ఎన్ఐడీ, అమెరికా డిగ్రీ ఆ ఏటికి దాదాపుగా అయిపోయినట్టే. మార్చిలో పరీక్షలు రాసి, ఏప్రిల్‌లో ఊపిరి పీల్చుకుని, మేలో "లా చేస్తే ఎలా ఉంటుంది" అని అడిగిన పిల్లకు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమే కావాలంటే ఏడాది ఆగమనే చెప్పాలి.

తేదీ తెలిసినంత మాత్రాన సరిపోతుందా అంటే, అదీ లేదు. క్లాట్‌లో ప్రశ్నలన్నీ పేరాగ్రాఫులు చదివి జవాబు చెప్పేవి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. రోజూ పత్రిక సంపాదకీయం చదివే అలవాటున్న పిల్లకు ఇది కష్టం కాదు. ఆ అలవాటు మూడు నెలల క్రాష్ కోర్సులో రాదు. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో పోటీ పరీక్షల గైడ్లు కొనేటప్పుడు పక్క అరలో ఉన్న ఒక మంచి పుస్తకం కూడా కొంటే అంతకంటే చవకైన శిక్షణ లేదు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు మరో సంగతి: నీట్, జేఈఈ మెయిన్, కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ, ఈ మూడింటికీ తెలుగులో ప్రశ్నపత్రం ఎంచుకునే వీలుంది. భాష రాదన్న బెంగతో పరీక్షనే వదులుకోనక్కరలేదు.

ఇంటర్ మార్కుల మీద ఈమధ్య ఒక చిన్నచూపు పెరిగింది, ర్యాంకు వస్తే చాలు కదా అని. ఎన్ఐటీల్లో, కేంద్ర ట్రిపుల్ ఐటీల్లో సీటు రావాలంటే ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం మార్కులు ఉండాలి, లేదా బోర్డులో తొలి 20 పర్సంటైల్‌లో నిలవాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. మొదటి సంవత్సరంలో తగ్గిన మార్కులను బెటర్‌మెంట్ రాసి పెంచుకోవచ్చు. ఆ అవకాశాన్ని వాడుకోవడానికి నామోషీ పడేవాళ్లే ఎక్కువ.

ఎంఎస్ అనుభవం ఇక్కడ పనికిరాదు

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే అమెరికా చదువు ఈ ఊరికి కొత్త కాదని తెలుస్తుంది. ఐ-20, వీసా స్లాటు, విద్యారుణం వంటి మాటలు ఇక్కడి పెద్దమ్మలకూ వచ్చు. ఆ ఎరుకంతా ఎంఎస్‌కు సంబంధించినది. బీటెక్ మార్కులు, ఒక జీఆర్ఈ స్కోరు, రెండు సిఫారసు లేఖలు, పని జరిగిపోతుంది. ఇంటర్ తర్వాతే డిగ్రీకి వెళ్లాలనుకునే కుటుంబాలు పెరుగుతున్నాయి. అవి అదే లెక్కతో పన్నెండో తరగతి డిసెంబరులో కన్సల్టెన్సీ మెట్లెక్కుతున్నాయి. అక్కడే బోల్తా పడుతున్నాయి.

అమెరికాలో హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు. విశ్వవిద్యాలయం అడిగే మార్కుల పట్టికా ఆ నాలుగేళ్లదే. అక్కడి పిల్లవాడు నాలుగేళ్లూ ఒకే బడిలో ఉంటాడు, వాడిని మొదటి నుంచీ చూసిన కౌన్సెలర్ ఒకరుంటారు. మన హైస్కూలు పదో తరగతి దగ్గర రెండు ముక్కలవుతుంది. తొమ్మిది, పది ఒక చోట, ఇంటర్ ఇంకో చోట. తొమ్మిదో తరగతి మార్కుల పట్టిక ఎప్పుడో మూలపడి ఉంటుంది. దాన్ని అచ్చు కాగితం మీద, ప్రధానోపాధ్యాయుడి సంతకంతో, బడి వదిలే రోజునే తీసుకోవాలని ఎవరికి తోస్తుంది?

సిఫారసు లేఖ దగ్గర ఇంకా ఇబ్బంది. కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా వెళ్లేవాళ్లను చాలా కాలేజీలు కౌన్సెలర్ లేఖ, దానితో పాటు ఒకరిద్దరు ఉపాధ్యాయుల లేఖలు అడుగుతాయి. ర్యాంకును బట్టి సెక్షన్లు మారుతూ పోయిన పిల్లవాడి గురించి ఏ లెక్చరర్ ఏం రాయగలడు? హాల్‌టికెట్ నంబరు, వారాంతపు పరీక్ష సగటు తప్ప ఆయనకు తెలిసిందేముంది? పేరుకు ఒక కాలేజీలో చేరి, పాఠాలు వేరే కోచింగ్ కేంద్రంలో చదివే డమ్మీ అడ్మిషన్ అయితే ఆ లేఖ అబద్ధంతోనే మొదలవుతుంది. ఈ దారి మనసులో ఉన్న కుటుంబం జూనియర్ కాలేజీని ఎంచుకునేటప్పుడే అడగవలసిన ప్రశ్న ఇది: ఇక్కడ ఒకే అధ్యాపకుడు రెండేళ్లూ పాఠం చెబుతారా, పిల్లలు తరగతిలో ప్రశ్నలు అడగవచ్చా? పీఆర్వోకు ఈ ప్రశ్న వింతగా ఉంటుంది.

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ప్రధాన వ్యాసం 650 పదాలకు మించకూడదు. చదువు కాక చేసిన పనులు పది వరకు చెప్పుకోవచ్చు, ఒక్కో పని వివరణకు 150 అక్షరాలే చోటు. ఆ చోట "సామాజిక సేవ చేశాను" అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. గుంటూరులో ఉన్న పిల్ల రెండు సీజన్ల పాటు మిర్చి యార్డు ధరలు రోజూ రాసుకుని, వాన పడిన వారం ధర ఎటు కదిలిందో గీతల పటం గీసి ఉంటే ఆ ఒక్క వాక్యం చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు తన వీధిలో నీళ్లు ఏ ఇంటి దగ్గర ఎంత ఎత్తుకు వచ్చాయో కొలిచి పటం వేసిన పిల్లవాడు ఎవరైనా ఉంటే, అది అమెరికా దరఖాస్తుకే కాదు, ప్లానింగ్ చదువుకూ నాంది అవుతుంది. ఇలాంటి పనికి డబ్బు అక్కరలేదు, తీరిక కావాలి. ఆ తీరిక తొమ్మిదో తరగతిలోనే దొరుకుతుంది. డబ్బు తీసుకుని పిల్లల పేరిట పరిశోధన పత్రాలు, స్వచ్ఛంద సంస్థలు తయారుచేసి పెట్టే బేరం కూడా మొదలైంది. పదిహేడేళ్ల పిల్ల తనకు అర్థం కాని పత్రం గురించి ఇంటర్వ్యూలో నాలుగు మాటలు చెప్పలేకపోతే బండారం అక్కడే బయటపడుతుంది.

ఖర్చు సంగతి నిష్ఠూరంగానే చెప్పుకోవాలి. విదేశీ విద్యార్థి ఆర్థిక స్థితిని చూడకుండా ఎంపిక చేసి, తర్వాత అవసరమైనంత సాయం అందించే సంస్థలు హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్, యేల్, ఆమ్హర్స్ట్ వంటి కొన్ని మాత్రమే. అక్కడ పోటీ భయంకరం. మిగతా చాలా చోట్ల సాయం కావాలని అడగడమే ఎంపిక అవకాశాన్ని తగ్గిస్తుంది. నాలుగేళ్ల డిగ్రీ ఖర్చు రెండేళ్ల ఎంఎస్‌కు రెట్టింపు కాలం నడుస్తుంది, పైగా చదువు మధ్యలో చేతికొచ్చే ఆదాయం దాదాపు ఉండదు. పొలం అమ్మి పంపేంత ఆత్రం అక్కరలేదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇక్కడే మంచి డిగ్రీ చేసి, పరిశోధన వైపు నిధులతో వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు.

పేరు, ధ్రువపత్రం, స్థానికత

తెలివైన పిల్లలు కూడా కాగితాల దగ్గర చతికిలపడతారు. పదో తరగతిలో బడి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, పంపుతుంది. అందులో పడిన పేరు, పుట్టిన తేదీ మార్కుల మెమో మీదికి ఎక్కి జీవితాంతం వెంట వస్తాయి. తెలుగువారి ఇంటిపేరు ముందు ఉంటుంది. బడి రిజిస్టరులో అది పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో విడి గడిలో, కొన్ని ఫారాల్లో పేరు చివర పడుతుంది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉన్న పేరు ప్రవేశ పరీక్ష ఫారం నింపేటప్పుడో, వీసా వేళకో బయటపడుతుంది. మెమో దిద్దించుకోవడం నెలల పని. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో ఆధార్‌ను, బడి రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూడటం అరగంట పని.

ధ్రువపత్రాల సంగతి మరీ తికమక. రాష్ట్రం ఇచ్చే బీసీ ధ్రువపత్రం ఈఏపీసెట్‌కు సరిపోతుంది. జేఈఈ, నీట్ అఖిల భారత సీట్లకు కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం వేరుగా కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు, ముందుగా చూసుకోవాలి. ఆర్థికంగా బలహీన వర్గాల కోటా ఈడబ్ల్యూఎస్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితి 8 లక్షల రూపాయలు, ఆ ధ్రువపత్రం ఆర్థిక సంవత్సరానికి లోబడి ఉంటుంది. ఐఐటీ, ఎన్ఐటీ కౌన్సెలింగ్‌కు ఈ రెండూ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినవే చెల్లుతాయి. నిరుడు తీసుకున్న కాగితం ఉంది కదా అని ధీమాగా ఉండి, జూన్‌లో గ్రామ, వార్డు సచివాలయం చుట్టూ తిరిగేవాళ్లది చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందమే.

స్థానికత గురించి మరీ తక్కువ మందికి తెలుసు. రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం రాష్ట్ర కళాశాలల్లో 85 శాతం సీట్లు స్థానికులకు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులవుతారు. ఆరు నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడగడం వెనుక ఉన్న లెక్క ఇదే. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాలు ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తాయి. మంచి కోచింగ్ అని తొమ్మిదో తరగతి నుంచే పిల్లను హైదరాబాదు పంపి, ఇంటర్ కూడా అక్కడే చదివిస్తే సొంత ఊళ్లోనే ఆమె స్థానికేతర అభ్యర్థి అవుతుంది. గుంటూరు వైద్య కళాశాలలో సీటు ఆశిస్తున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. తాహతు లేని ఇళ్లకు ఇంకో కబురు: ప్రభుత్వ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఉపకార వేతనం కోసం ఎన్ఎంఎంఎస్ పరీక్ష ఉంది. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షల రూపాయలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఎనిమిదో తరగతి దాటాక మళ్లీ రాసే వీలు లేదు.

ఎంత ముందు చూసినా పదిహేనేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయం కొందరి విషయంలో తప్పుతుంది. హాస్టల్‌కు వెళ్లిన మూడు నెలలకే పిల్లవాడు ఫోనులో మాటలు తగ్గించాడంటే, ఆదివారం ఔటింగ్‌కు కూడా రానంటున్నాడంటే తప్పిందన్న సూచన అప్పుడే మొదలైనట్టు. కట్టిన ఫీజు పోతుందన్న బాధతో ఆ సూచనను దాటవేయడం ఈ ప్రాంతంలో మామూలైపోయింది. గ్రూపు మార్చుకోవడం మొదటి సంవత్సరం తొలి వారాల్లో తేలిక, ఆ తర్వాత కష్టం. రెండేళ్లూ గడిచిపోయినా కొన్ని దారులు మిగిలే ఉంటాయి. న్యాయం, డిజైన్ కోర్సులు ఏ గ్రూపు వాళ్లకైనా తెరిచే ఉంటాయి. బీఎస్సీ చేసినవాళ్లు జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. మద్రాసు ఐఐటీ 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ బీఎస్ కోర్సుకు ఇంటర్ గ్రూపుతో పని లేదు, జేఈఈ ర్యాంకుతోనూ పని లేదు. పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉంటే చాలు, నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష నెగ్గాలి. సీఈసీ, హెచ్ఈసీ చదివినవాళ్లు కూడా అందులో చేరవచ్చు, ఇంకో కాలేజీలో డిగ్రీ చేస్తూ కూడా చదువుకోవచ్చు.